సారెతో పాటు వచ్చిన పిల్ల

మీర్‌పేట్,
రంగారెడ్డి జిల్లా.

ప్రియమైన పద్మా,

నీ నవల సారాంశం చేరింది. రాత్రి వంటిల్లు సర్దుకుని చదవడానికి కూర్చున్నదాన్ని, చివరి పేజీ దాకా లేవలేదు. పెళ్లయి పరాయి దేశం పోయాక నువ్వు రాయడమే మానేశావని నాకు ఎంత వెలితిగా ఉండేదో నీకెప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు మళ్లీ రాస్తున్నావు, అదీ తెలుగులో. ముందు ఆ సంతోషం అందుకో.

కథ నాకు నచ్చింది. కొండ మీద పాత మహలు, చీకటి పడే వేళకు అక్కడికి చేరిన కొత్త పెళ్లికూతురు, మేడ మీద తాళం వేసిన గది, రాత్రిళ్లు లోపలి నుంచి గజ్జెల చప్పుడు. అడిగితే మాట మార్చే భర్త. అన్నీ తెలిసీ నోరు విప్పని ముసలి దాసి. చివరికి ఆ గదిలో ఉన్నది భర్త మొదటి భార్య ఆత్మ అని తేలుతుంది. మలుపులు బాగా పేర్చావు. మొహమాటం లేకుండా చెప్పమన్నావు కాబట్టి చెబుతున్నా. ఫోన్‌లో అయితే నీ మాటకు నా మాట అడ్డం పడి అసలు సంగతి పక్కకు పోతుంది. అందుకే ఉత్తరం.

నేను చెప్పాలనుకున్నది ఒకటే. నీ మహలుకు ఊరు లేదు, కాలం లేదు. ఎక్కడో ఒక రాజ్యం అని వదిలేశావు. దాన్ని తెచ్చి మన తెలంగాణలో పెట్టు. దాన్ని దొరల గడీని చెయ్యి. తాళం వేసిన గదిలో ఉన్న మనిషిని భర్త మొదటి భార్యగా ఉంచకు. ఆ పెళ్లికూతురి వెంట ఆమె పుట్టింటి నుంచే వచ్చిన పిల్లగా మార్చు. ఎందుకంటున్నానో వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదువు.

నీ మహలు లాంటి పాత కోటల చుట్టూ తిరిగే ఈ గోథిక్ కథలు ఇంగ్లండులో పుట్టి రెండున్నర శతాబ్దాలు దాటింది. 1764లో హొరేస్ వాల్పోల్ రాసిన ‘ది కాజిల్ ఆఫ్ ఒట్రాంటో’ను మొదటిదిగా చెబుతారు. అది కూడా ఒక పెళ్లి రోజునే మొదలవుతుంది. 1794లో ఆన్ రాడ్‌క్లిఫ్ ‘ది మిస్టరీస్ ఆఫ్ ఉడాల్ఫో’ వచ్చింది. అందులో మోంటోని అనేవాడు తాను పెళ్లి చేసుకున్న ఆవిడను కొండల్లో కోటకు తీసుకుపోయి బంధిస్తాడు. ఎందుకు? ఆమె పేరు మీదున్న ఆస్తి రాయించుకోవడానికి. ఆమె సంతకం పెట్టదు, ఆ కోటలోనే ప్రాణం వదులుతుంది. ఆ రోజుల్లో ఇంగ్లండులో పెళ్లయిన ఆడదాని సొత్తు మీద పెత్తనం భర్తదే. 1870లో ఒకటి, 1882లో ఇంకోటి చట్టాలు వచ్చాక గానీ ఆ పరిస్థితి మారలేదు. ఆ నవలలు చదివి వణికిన ఆడవాళ్లను భయపెట్టింది కోటలో దెయ్యమే కావచ్చు. ఆ భయం వేళ్లు మాత్రం వాళ్ల సొంత పెళ్లి కాగితాల్లోనే ఉన్నాయి.

ఇక 1847 నాటి ‘జేన్ ఎయిర్’. నీ కథకు అది పెద్దమ్మ వరస. మేడ మీది గదిలో దాచిన మొదటి భార్య బెర్తా అందులోదే. ఆ బెర్తా జమైకా నుంచి వచ్చింది, ముప్పై వేల పౌండ్ల కట్నంతో. ఆ కాలంలో జమైకా దొరల సంపదంటే చెరకు తోటల్లో బానిసల రెక్కల కష్టమే. షార్లెట్ బ్రాంటీ నవలలో బెర్తా అరుస్తుంది, నవ్వుతుంది, నిప్పు పెడుతుంది. ఆమె మాట మాత్రం మనకు నేరుగా వినబడదు. 1966లో జీన్ రీస్ ‘వైడ్ సర్గాసో సీ’ రాసి, ఆ మనిషికి నోరిచ్చింది. అందులో ఆమె అసలు పేరు ఆంటోయినెట్. బెర్తా అన్న పేరు భర్త తగిలించింది. ఆ పుస్తకం చదివాక ‘జేన్ ఎయిర్’లో మేడ మీది గది తలుపు మనకు వేరేలా తెరుచుకుంటుంది. లోపల పిచ్చిదాని వెనక సముద్రం అవతలి బానిసల తోటలు, లాక్కున్న ఒక పేరు కనబడతాయి. నీ గది తలుపు తీసినప్పుడు నాకు అంత లోతు కనబడాలి.

మనవైపు చూద్దాం. నువ్వు ‘అరుంధతి’ సినిమా గురించి ఒక్క మాట రాయకపోవడం నాకు ఆశ్చర్యం. తెలుగులో పాత కోటకు వెళ్లిన పెళ్లికూతురు అనగానే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది అదే. 2009 సంక్రాంతికి వచ్చింది, కోడి రామకృష్ణ దర్శకత్వం, శ్యామ్ ప్రసాద్ రెడ్డి నిర్మాణం, అనుష్క రెండు తరాల పాత్రల్లో. కథ గద్వాల సంస్థానంలో జరుగుతుంది. తెర మీద కోటగా కనిపించేది మాత్రం బనగానపల్లె నవాబుల బంగళా. యాగంటి పోయే దారిలో ఉంటుంది. ఇప్పుడు అక్కడివాళ్లు కూడా దాన్ని అరుంధతి బంగళా అనే పిలుస్తున్నారు. నవాబుల పేరు పోయి, సినిమాలో ఒక ఆడపిల్ల పేరు ఆ గోడలకు అంటుకుంది.

ఆ సినిమాలో ఒక గొప్ప మార్పు ఉంది, దాన్ని మనం సరిగా పట్టించుకోలేదనిపిస్తుంది. ఇంగ్లీషు కథల్లో పెళ్లికూతురు పరాయిది. భర్త ఇంటికి వస్తుంది, ఆ ఇంటి పాపం ఆమెకు తెలియదు, తెలుసుకుని బయటపడాలి. అరుంధతి అలా కాదు. ఆమె పెళ్లికి ముందే కోటకు వెళుతుంది, అది అత్తవారిది కాదు, తన సొంత వంశానిది. పూర్వీకురాలు జేజమ్మ తరవాత ఆ ఇంట పుట్టిన తొలి ఆడపిల్ల కాబట్టి తలపండిన పెద్దలు కూడా ఆమెను జేజమ్మా అనే పిలుస్తారు. ఆ కోట ఆమెది. అందులో సమాధి చేసిన పాత లెక్క కూడా ఆమెదే. పారిపోవడానికి వీల్లేదు, తేల్చుకోవాలి. ఆడపిల్లకు పుట్టింటి ఆస్తిలో కొడుకుతో సమానంగా జన్మహక్కు ఉందని ఆంధ్రప్రదేశ్ 1986లోనే చట్టం చేసింది. దేశమంతటికీ అది వచ్చింది 2005లో. ఆ చట్టం చేసిన నేల మీదే, కోటతో పాటు దాని శాపాన్నీ వారసత్వంగా అందుకున్న ఆడపిల్ల కథకు జనం బ్రహ్మరథం పట్టారు. ఇది నాకు చాలా ఇష్టమైన సంగతి.

గద్వాల నిజ చరిత్రలోనూ ఆడవాళ్ల ఏలుబడి ఉంది. సంస్థానం చివరి పాలకురాలు మహారాణి ఆదిలక్ష్మీ దేవమ్మ. కోట లోపల చెన్నకేశవస్వామి గుడి ఉంది, ఆమె పేరు మీదే ప్రభుత్వ డిగ్రీ కాలేజీ ఉంది. దెయ్యం ఉండాల్సిన చోట పిల్లలు పాఠాలు చదువుకుంటున్నారు.

‘చంద్రముఖి’ సంగతి కూడా ఆలోచించు. 1993లో మలయాళంలో ఫాజిల్ తీసిన ‘మణిచిత్రతాళ్’ దానికి మూలం. భర్త పూర్వీకుల ఇంటికి వచ్చిన కోడలు, తెరవకూడని గది, అందులో ఒక నర్తకి ఆత్మ. మలయాళంలో ఆ నర్తకి తంజావూరు నుంచి వచ్చింది. 2005లో పి. వాసు తమిళంలో తీసినప్పుడు ఆమె మన విజయనగరం నుంచి రాజు బలవంతంగా ఎత్తుకుపోయిన తెలుగు పిల్ల అయింది. తమిళ సినిమాలో కూడా ఆ ఆత్మ తెలుగులోనే పాడుతుంది. కోట యజమానిది ఒక భాష, గదిలో బందీది ఇంకో భాష. ఎక్కడ చూసినా తాళం వేసిన గదిలో ఉన్నది తన ఊరి నుంచి తెచ్చి పడేసిన మనిషే.

ఇక్కడే నాకు ఒక ప్రశ్న వచ్చి, ఎంతకూ వదలడం లేదు. ఈ కథలన్నింటిలో తాళంచెవి పనిమనిషి దగ్గరే ఉంటుంది. బెర్తాకు కాపలా గ్రేస్ పూల్. 1938లో డాఫ్నీ డు మోరియే రాసిన ‘రెబెక్కా’లో ఇంటి రహస్యాలన్నీ డాన్వర్స్ చేతిలో. ‘అరుంధతి’లో జేజమ్మ కథంతా చెప్పేది మనోరమ వేసిన చంద్రమ్మ. నీ నవలలోనూ ముసలి దాసి ఉంది. పెళ్లికూతురు ఆ ఇంటికి ఎలా వచ్చిందో మనకు పూసగుచ్చినట్టు చెబుతారు. ఆ దాసి ఎలా వచ్చిందో ఎవరూ అడగరు. ఎవరి బిడ్డ? ఏ వయసులో తెచ్చారు? ఎంతకు?

మన నేల మీద ఈ ప్రశ్నకు జవాబు ఉంది. ఊహించి రాయక్కర్లేదు, జరిగిందే.

నిజాం కాలం తెలంగాణలో దొరల ఇళ్లలో ఆడబాపలు ఉండేవాళ్లు. పేదింట్లో పుట్టిన ఆడపిల్ల చిన్నతనంలోనే గడీకి చేరేది. జీతం లేదు, సెలవు లేదు, తిరిగి పోవడం లేదు. దొర బిడ్డకు పెళ్లయి అత్తగారింటికి పోతుంటే, ఆమెతో పాటు ఈ పిల్లలను కూడా పంపేవాళ్లు. ఇత్తడి బిందెలు, పట్టుచీరలు, ఆవులు, దూడలు, వాటితో పాటు ఒక మనిషి. కొత్త గడీలో ఆమె పగలు దొరసానికి నౌకరు, రాత్రి దొర పిలిస్తే కాదనడానికి వీల్లేదు. పుచ్చలపల్లి సుందరయ్య తెలంగాణ ప్రజల పోరాటం మీద రాసిన చరిత్రలో వెట్టి రకాలన్నీ వివరించి, వాటన్నింటిలో ఘోరమైనది ఇదే అన్నారు. దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’ నవలలో ఈ బతుకు ఉంది. బి. నర్సింగరావు 1988లో తీసిన ‘దాసి’ సినిమా మొత్తం దీని మీదే. అర్చన వేసిన కమలాక్షి పాత్ర నువ్వు తప్పకుండా చూడాలి. గడీలో దాసిగా ఉండి, దొర వల్ల కడుపొస్తే, దొరసాని ఆజ్ఞ మీద ఆ కడుపు పోగొట్టుకోవాల్సి వస్తుంది. ఆ సినిమాకు అయిదు జాతీయ అవార్డులు వచ్చాయి. అర్చనకు ఉత్తమ నటి, ఛాయాగ్రహణానికి ఎ.కె. బీర్, కళకు తోట వైకుంఠం. సినిమాలో మాటలు చాలా తక్కువ. పొడుగాటి వరండాలు, చీకటి గదులు, మెట్లు, నీళ్లు మోసే చేతులు. దెయ్యం ఒక్కటి కూడా లేదు. అంత భయపెట్టిన తెలుగు సినిమా నాకు ఇంకోటి తెలియదు.

నేనుండే మీర్‌పేట్ ఇప్పుడు నువ్వు గుర్తుపట్టలేవు. పొలాలన్నీ కాలనీలయ్యాయి, చెరువుల అంచు దాకా ఇళ్లు. నల్లగొండ, మహబూబ్‌నగర్, వరంగల్ వైపు పల్లెల నుంచి వచ్చి ఇల్లు కట్టుకున్నవాళ్లే మా చుట్టూ ఎక్కువ. హైదరాబాదు చుట్టుపక్కల భూములు ఒకప్పుడు చాలావరకు నిజాం సొంత ఖజానాకు పోయే సర్ఫె ఖాస్, లేదా పాయెగాల జాగీర్లు. ఆ భూముల మీదే ఇప్పుడు రెండు వందల గజాల ప్లాట్లు. గడీ గోడల కింద బతికినవాళ్ల మనవరాళ్లు ఇక్కడ తమ పేరు మీద రిజిస్ట్రేషన్ చేయించుకుని, గేటుకు తమ ఇంటిపేరు రాయించుకుంటున్నారు. బతుకమ్మ నాడు చెరువు కట్ట మీద వీళ్లంతా ఒకచోట చేరితే, ఎన్ని ఊళ్ల పాటలు ఉంటాయో చెప్పలేను.

మా వీధిలో ఒక పెద్దమ్మ ఉంది. తొంభైకి దగ్గర పడింది, కొడుకు దగ్గర ఉంటుంది. వాళ్ల ఊళ్లో గడీ పెళ్లిళ్లు చిన్నప్పుడు చూసిందట. నీ కథ సంగతి చెప్పి, ఆడబాపల గురించి అడిగాను. చాలాసేపు ఏమీ అనలేదు. తరవాత అన్నది: “దొరసాని బిడ్డ ఏడ్సుకుంట పోతది. అందరు ఓదారుస్తరు. ఆమె ఎనుక పోయే పిల్ల మాత్రం ఏడ్వొద్దు. పెండ్లి ఇంట్ల నౌకరుది ఏడిస్తె అశుభం అంటుండిరి.”

పద్మా, అప్పగింతలు ఎన్ని చూశాం మనం! నీ అప్పగింతలప్పుడు మీ నాన్న నీ చేతులు పాలల్లో ముంచి మీ అత్తగారి చేతిలో పెడుతుంటే మండపమంతా కళ్లు తుడుచుకుంది. దొర బిడ్డ అత్తగారింటికి పోయిన రోజు గడీ నుంచి ఇద్దరు ఆడపిల్లలు ఊరు వదిలారు, ఇద్దరూ ఒకే ఈడు కావచ్చు. ఒకరికి అప్పగింతలు జరిగాయి. ఇంకొకరిని ఏ తల్లి ఎవరికి అప్పగించింది? ఆమె ఏడుపు ఎక్కడికి పోయింది? నీ మహలులో రాత్రిళ్లు వినబడాల్సింది ఆ ఏడుపు. గజ్జెల చప్పుడు తీసేయి. ఆ పిల్లకు గజ్జెలు ఎవరు కడతారు?

ఇలా మారిస్తే నీ రహస్యం ఎంత బలపడుతుందో చూడు. ఇప్పుడున్న కథలో పాపం భర్తది. పెళ్లికూతురు అమాయకురాలు, తెలుసుకుంటుంది, తప్పించుకుంటుంది. పాఠకురాలు కూడా ఆమెతో పాటు హాయిగా ఊపిరి పీల్చుకుని పుస్తకం మూసేస్తుంది. నేను చెప్పిన దారిలో పోతే ఆమె గదులన్నీ వెతుకుతుంది, భర్త పెట్టెలు తెరుస్తుంది, అత్తగారి మీద అనుమానపడుతుంది. చివరికి దొరికే రుజువు తన సొంత పెట్టెలోనే ఉంటుంది. తన పుట్టింటివాళ్లు సారెతో పాటు రాసి పంపిన జాబితా. బిందెలు ఇన్ని, గంగాళాలు ఇన్ని, పాడి ఆవులు ఇన్ని, చీరలు ఇన్ని. ఆ వరసలో, ఆవుల తరవాత, పిల్ల ఒకటి. అక్కడ పేరు ఉండదు. ఆ కాగితం చేతిలో పట్టుకుని ఆమె నిలబడ్డప్పుడు, ఇంతకాలం తనను వెంటాడినది ఈ ఇంటి దెయ్యం కాదని, తనతోనే మేనా వెనక నడిచి వచ్చిందని తెలియాలి. చిన్నప్పుడు ఆ పిల్ల తనతో ఆడుకుంది, తనకు జడ వేసింది, మేనా వెనక నడిచింది. ఈ గడీకి వచ్చిన కొన్నాళ్లకు కనబడకుండా పోయింది. ఎక్కడికి పోయిందని ఈమె ఒక్కసారి కూడా అడగలేదు. ఇంగ్లీషు గోథిక్ పెళ్లికూతుర్లు ఎవరూ మోయని బరువు ఇది. అరుంధతి కోటను వారసత్వంగా మోసింది. నీ పెళ్లికూతురు తన కట్నాన్నే మోయాలి.

దొరసానులను మెత్తగా రాయాలన్న ఆశ నీకు వస్తుందని తెలుసు. నాకూ వస్తుంది. వాళ్లూ పరదాల వెనక బతికినవాళ్లే. అయినా చరిత్రను మరిచిపోకు. కడవెండి గడీలో ఉన్న విసునూరు దేశ్‌ముఖ్ తల్లి జానకమ్మ పేరు చెబితే ఆ చుట్టుపక్కల ఊళ్లు వణికేవని పోరాట చరిత్రలన్నీ చెబుతాయి. ఆ కడవెండిలోనే 1946 జులై 4న ఊరేగింపు మీద కాల్పులు జరిగి దొడ్డి కొమరయ్య చనిపోయాడు. తెలంగాణ సాయుధ పోరాటం అక్కడి నుంచే భగ్గుమంది. అదే దేశ్‌ముఖ్ పాలకుర్తిలో చాకలి ఐలమ్మ పంటను దోచుకుపోవాలని చూస్తే, ఆమె ఆంధ్ర మహాసభ సంఘం అండతో ఆ పంటను తన ఇంటికి చేర్చుకుంది. గడీ లోపల పెత్తనం చేసిన ఆడమనిషీ, గడీకి ఎదురు నిలిచిన ఆడమనిషీ ఒకే కాలంలో, పక్కపక్క ఊళ్లలో ఉన్నారు. నీ పెళ్లికూతురు ఈ ఇద్దరిలో ఎవరి వైపు నడుస్తుందన్నదే నీ నవలకు అసలు ఉత్కంఠ.

కాలం కూడా ఇక్కడి నుంచే తీసుకో. పెళ్లి 1930 ప్రాంతంలో పెట్టు. ఆ ఏడాదే జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన తొలి ఆంధ్ర మహాసభ జరిగింది. దానితో పాటే నడింపల్లి సుందరమ్మ అధ్యక్షతన మహిళాసభ కూడా. గడీలోకి దొంగచాటుగా ఒక ‘గోలకొండ పత్రిక’ ప్రతి వచ్చిందనుకో, చదువుకున్న పెళ్లికూతురు ఆ సభ వార్తలు అందులో చూస్తుంది. గడీలో ఉండే వస్తువులు, పనులు నీకు బోలెడు. కోట గోడ, బురుజులు, ఏనుగు దూరేంత దర్వాజ, ముందు కచేరి, వెనక ధాన్యం పాతర్లు, గొడ్ల కొట్టాలు. దొరసాని మేనా మోసే బోయీలు, రాత్రి దివిటీ పట్టుకుని ముందు పరుగెత్తే చాకలి, వంతుల వారీగా వెట్టికి వచ్చే ఇళ్లు. పోలీసు చర్య 1948 సెప్టెంబరులో, జాగీర్ల రద్దు 1949లో. పెళ్లినాటి నుంచి రద్దు దాకా ఆమె జీవితం ఇరవై ఏళ్లు. నీ దెయ్యం అంతకాలం ఆగగలదు, తొందరలేదు.

నీ దగ్గరున్న ఇంకో కోటను మరిచిపోయావు. మనం చదువుకున్న కోఠి ఉమెన్స్ కాలేజీ! ఆ ఎత్తయిన స్తంభాల మెట్ల మీద కూర్చుని టిఫిన్ డబ్బాలు తెరిచిన రోజుల్లో అది ఎవరి ఇల్లో మనకు పట్టలేదు. రెసిడెంట్ జేమ్స్ అకిలిస్ కిర్క్‌పాట్రిక్ 1803 ప్రాంతంలో మొదలుపెట్టి కట్టించిన రెసిడెన్సీ అది. వెనక జనానాలో ఉన్న పెళ్లికూతురు ఖైరున్నిసా. ఆమె పరదా దాటి ముందువైపుకు రాలేదు కాబట్టి, మొత్తం భవనం ఎలా ఉందో చూడటానికి తోటలో దాని చిన్న నమూనా కట్టించారని చెబుతారు. 1805లో ఇద్దరు పిల్లలను చదువు కోసం ఇంగ్లండు పంపారు, తల్లి మళ్లీ వాళ్లను చూడలేదు. అదే ఏడు భర్త కలకత్తాలో చనిపోయాడు. ఆమె కొన్నాళ్లు హైదరాబాదుకు దూరమై మచిలీపట్నంలో ఉండాల్సి వచ్చింది. 1813లో, ముప్పై నిండకుండానే పోయింది. తాను బతికే ఇంటిని బొమ్మలో చూసుకున్న ఆడమనిషి కన్నా గోథిక్ నాయిక ఎవరుంటారు?

ఆ కాలేజీ 2022లో మహిళా విశ్వవిద్యాలయం అయింది. 2024లో దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. పరదా చాటున ఖైరున్నిసా బతికిన చోట ఇప్పుడు గడీకి ఎదురు తిరిగిన మనిషి పేరు గేటు మీద ఉంది. కింద నుంచి పల్లెల పిల్లలు పుస్తకాల సంచులతో లోపలికి పోతున్నారు. నాకు ఈ మధ్య ఆ దారిన బస్సులో పోతుంటే గర్వంగా అనిపించింది. మన పాత ఇళ్లలో దెయ్యాలను వదిలించే పద్ధతి ఇదేననిపించింది. తాళం తీయడం, లోపలికి అందరినీ రానివ్వడం, మరుగున పడిన పేరు పెద్ద అక్షరాలతో రాయడం.

అందుకే నీ ముగింపు కూడా మారాలని నా కోరిక. సిద్ధాంతి వచ్చి మంత్రం చదివి ఆత్మను సీసాలో పట్టే ఘట్టం తీసేయి. ఆ పిల్ల పగ తీర్చుకోవడానికి రాలేదు. చేసిన పనికి కూలి ఎవరిస్తారని, తన తల్లికి కబురు ఎవరు పంపుతారని, తాను ఎలా పోయిందో ఎవరు చెబుతారని అడగడానికి వచ్చింది. పెళ్లికూతురు భయంతో కాక, బాధ్యతతో వాటికి జవాబు చెప్పాలి. పుట్టింటికి పోయి ఆ పిల్ల తల్లిని వెతకాలి. తనకు పసుపు కుంకుమల కింద ఇచ్చిన పొలం ఆ తల్లి పేరు మీద రాయాలి. భర్త ఒప్పుకోడు, అన్నదమ్ములు ఒప్పుకోరు. అప్పుడు గడీ నిజంగా వణుకుతుంది, ఏ ఆత్మా వణికించలేనంతగా. కాల్పనికత ఎక్కడికీ పోదు, నీ కొండ మీది మహలు కన్నా నీ చేతికి ఇక్కడ ఎక్కువ అద్భుతాలు దొరుకుతాయి. పాతర్లో నిండుకోని ధాన్యం పెట్టు, ఏ నీళ్లతో కడిగినా చెరగని కాలి గుర్తులు పెట్టు. కథ పునాది మాత్రం నిజం మీద ఉండనీ.

ఇవన్నీ నిన్ను భయపెట్టడానికి రాయలేదు. నువ్వు రాయగలవన్న నమ్మకంతో రాశాను. ఊళ్లో ఉండి రాయడానికి ధైర్యం చాలని సంగతులు దూరం నుంచి స్పష్టంగా కనిపిస్తాయేమో. ఎండాకాలం సెలవులకు వస్తే గద్వాల కోటకూ, కడవెండికీ కలిసి పోదాం. గడీలు చాలాచోట్ల కూలిపోతున్నాయి. దోమకొండ కోటలాంటివి కొన్ని మాత్రం శ్రద్ధగా బాగుచేసి నిలబెట్టారు. గోడ మీద చెయ్యి పెట్టి చూసి రాసిన వాక్యానికీ, చూడకుండా రాసిన వాక్యానికీ తేడా నీకు నేను చెప్పక్కర్లేదు. మా వీధి పెద్దమ్మ కూడా నీతో మాట్లాడతానన్నది. ఆమె ఉండగానే రా.

ఒక్కటి మాత్రం అప్పటిదాకా ఆగకూడదు. నీ సారాంశంలో పెళ్లికూతురికి పేరుంది, భర్తకు పేరుంది, ఆయన గుర్రానికి కూడా పేరుంది. మేనా వెనక నడిచి రావాల్సిన ఆ పిల్లకు ఇంకా లేదు. సారె జాబితా రాసినవాళ్లు ఆమెకు చేసిందే మనం కూడా చేయొద్దు. పాఠకులకు చివరి పేజీలో చెప్పినా సరే, నీకు మాత్రం మొదటి వాక్యం రాసే ముందే ఆమె పేరు తెలిసి ఉండాలి. ఆ పేరు ఏం పెట్టావో వచ్చే ఉత్తరంలో నాకు రాయి.

ఎప్పటికీ,
నీ స్నేహితురాలు